రూయీ బేసిన్‌కు జాగ

కుట్టు పూర్తయి, నాలుగు మూలలూ నిలబడి, మనుషులు వచ్చి ఎత్తుకుపోవడమే తరువాయిగా ఉన్న కొత్త పరుపు మీద మక్సూదా చెయ్యి వేసి చూసింది. నడిమధ్య తడి తగిలింది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. అనుమానం లేదు, పిల్లి పనే.

అరచేతి వెడల్పు తడే. కానీ అది దూదిలోకి దిగింది. పరుపు గుడ్డయితే ఉతుక్కోవచ్చు, ఎండేసుకోవచ్చు. దూది పట్టిన వాసన పోదు. ఎండకు పోయినట్టే ఉండి, వాన పడ్డ రోజు మళ్లీ లేస్తుంది. పైగా ఆ పరుపు ఎవరింట్లోనో వేసుకునేది కాదు. భానుప్రసాద్ కొత్తగా కడుతున్న ఫంక్షన్ హాలు గదులకు పోవాల్సింది. ఆమె భర్త నజీరుద్దీన్ దుకాణం తెరిచినప్పటి నుంచి అంత పెద్ద ఆర్డరు ఎప్పుడూ రాలేదు.

"రూయీ!" అని నజీరుద్దీన్ అరిచిన అరుపుకు దుకాణం ముందు పడుకున్న వీధికుక్క లేచి వీధి మలుపు దాకా పరుగెత్తింది. రూయీ మాత్రం దూది మూటల మీద కూర్చుని ముందుకాలు నాక్కుంటూ ఉంది.

రూయీ అంటే ఉర్దూలో దూది. తోక కొస దాకా తెల్లగా ఉన్నందుకు బిడ్డ నూరీన్ ఆ పేరు పెట్టింది.

"అజీ, అరవకుండ్రి. నేను విప్పి కొత్త దూది పెట్టి మళ్ల కుడత," అంది మక్సూదా.

"ఇయ్యాల ఇది విప్పుతవు. రేపు ఇంకోటి చేస్తది. భానుప్రసాద్ సారు ముక్కు పట్టుకొని పరుపులు వాపసు పంపిస్తే మన ఇజ్జత్ ఏం గావాలె?" నజీరుద్దీన్ అప్పటికే జేబులో నుంచి ఫోను తీశాడు. "నీ తమ్మునికి చేస్తున్న. వాని మిల్లుల ఎలుకలు మస్తుగున్నయని, పిల్లిని ఇయ్యమని ఎన్నడో అడిగిండు. ఆదివారం వచ్చి తీసుకపోతడు."

మక్సూదా తమ్ముడు ముజాహిద్ పెద్దపల్లిలో రైసుమిల్లులో పని చేస్తాడు. ఫోను ఎత్తగానే ఎగిరి గంతేసినంత పని చేశాడు. "బుట్ట తెచ్చుకుంట దుల్హాభాయ్! మూత ఉన్న బుట్ట!" అన్న మాట బయటికే వినబడింది.

"ఆదివారం దాకనన్న ఆగుతరా?" అంది మక్సూదా.

"ఆగుత. గా లోపల ఇంకొక్క చుక్క పడ్డదనుకో, ఆదివారం దాక గూడ లేదు."

జమ్మికుంటలో పత్తి మార్కెట్టు వెనక వీధిలో వాళ్ల ఇల్లు. ముందు గది దుకాణం. అందులో దూది ఏకే మిషన్, మూటలు, పరుపు గుడ్డల తానులు. వెనక నడిమి అర్ర, పెద్ద అర్ర అని రెండు గదులు, వంటిల్లు, ఒక వసారా. అలాంటి ఇంట్లో ఎలుకదే రాజ్యం. మెత్తటి దూది కనిపిస్తే చాలు, లోపలికి తొలిచి పిల్లలు పెడుతుంది. కొత్త పరుపు గుడ్డకు ఒక్క రాత్రిలో గంట్లు పెడుతుంది. రూయీ వచ్చాక ఆ బాధ తప్పింది. అందుకని పిల్లి పోతే ఎలుక, పిల్లి ఉంటే వాసన. నజీరుద్దీన్ లెక్కలో ఎలుకే నయం. ఎలుక కొరికిన చోట మాసిక వేయొచ్చు.

మక్సూదా లెక్క వేరు. ఆమె ఆదిలాబాద్‌లో గాజులు అమ్మే ఇంట్లో పుట్టింది. పెళ్లయి వచ్చేదాకా పరుపు ఎలా కుడతారో తెలియదు. అత్తగారి ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఒక పాత పరుపు మరమ్మతుకు వస్తే, దాన్ని ఒక్కో కుట్టూ విప్పుతూ, దారం ఎటు నుంచి ఎటు పోయిందో చూసుకుంటూ, మళ్లీ అదే రంధ్రాల్లో కుట్టి నేర్చుకుంది. మొదటి పరుపు అంచులు పాము పాకినట్టు వచ్చాయి. ఇప్పుడు ఆమె కుట్టిన మూల మీద కూర్చుని లేచినా మూల అలాగే నిలబడుతుంది. దబ్బనం పట్టిన చూపుడువేలు పక్కన కాయ కాసింది. ఏదైనా చెడిపోతే తిట్టుకునే అలవాటు ఆమెకు లేదు. విప్పి చూస్తుంది. పిల్లి విషయంలోనూ ఎక్కడో ఒక కుట్టు తప్పు పడింది, అది దొరికితే చాలు అనుకుంది.

ఎందుకంటే రూయీ మొన్నమొన్నటి దాకా శుభ్రంగానే ఉంది. పక్కింటి సిద్దిరాములు పై అంతస్తు వేసినన్నాళ్లూ వాళ్ల వాకిట్లో మానేరు ఇసుక కుప్ప ఉండేది. రూయీ గోడ దూకి, పని చూసుకుని, ఇసుక కప్పి వచ్చేది. స్లాబు అయిపోయింది, కుప్ప అయిపోయింది, వాకిట్లో నున్నటి బండలు పడ్డాయి. వీధికి సిమెంటు రోడ్డు వచ్చింది. పిల్లి కాలు పెట్టి గోకడానికి గుప్పెడు మట్టి మిగల్లేదు.

అప్పుడే నూరీన్ ఫోనులో చూసి, పట్నాల్లో పిల్లులకు ఇంట్లోనే ట్రే పెడతారని చెప్పింది. నజీరుద్దీన్‌కు ఆ మాట తెగ నచ్చింది. పాత ప్లాస్టిక్ బేసిన్ తెచ్చి, దుకాణంలో మిషన్ కింద పోగయిన పనికిరాని దూది తీసి దాని నిండా పరిచాడు.

"పైసలు పెట్టి కొంటరా ఎవలన్న? దూది కన్న పీల్చేది దునియాల ఉన్నదా?" అన్నాడు.

బేసిన్ తీసుకెళ్లి బాత్రూం పక్కన పెట్టారు. రూయీ రెండు రోజులు వాడింది. తర్వాత మానేసింది. మానేసి దుకాణంలోకి వచ్చింది.

ఇప్పుడు పరుపు పాడయ్యాక ఇంట్లో పంచాయితీ మొదలైంది. అందరికీ తలా ఒక జాగ తోచింది.

"పెద్ద అర్రల పెడదాం. మనం చూస్తుంటం, అది సిగ్గుపడి మంచిగ చేస్తది," అన్నాడు నజీరుద్దీన్.

"మేం చూస్తుంటే నువ్వు చేస్తవా అబ్బా?" అంది నూరీన్.

నజీరుద్దీన్ తల్లి ఖాజాబీ మంచం మీద నుంచే చెయ్యెత్తింది. "పెద్ద అర్రల పడమటి గోడ కాడ నమాజు చదువుకుంటం. గాడ పిల్లి సండాసా? తోబా తోబా!"

"పడమర కాకుంటే ఉత్తరం గోడకు పెడదాం దాదీ."

"ఉత్తరానికి పెడితే అది తిరిగి పడమరకు మూతి పెట్టి కూసుంటది."

"దానికి కిబ్లా దిక్కు ఏం ఎరుక అమ్మా?" అన్నాడు నజీరుద్దీన్.

"నీకెరుక గదా! దానికి తెల్వకుంటే నువ్వు చెప్పవా?"

నూరీన్ నోట్లో ఉన్న చాయ్ ముక్కులో నుంచి వచ్చినంత పనయింది. పెద్ద గది సంగతి అక్కడితో ముగిసింది.

"స్లాబు మీద పెడదాం," అంది నూరీన్. "గాలి ఆడుతది. వాసన రాదు."

వెంటనే బేసిన్ మెట్లెక్కింది, వెనకే రూయీ. పెట్టినవాళ్లు ఎనిమిది మెట్లు దిగిరాక ముందే పైన దబదబ చప్పుడు. కోతులు. రూయీ తెల్లటి బంతిలా మెట్ల మీద దొర్లుకుంటూ వచ్చి ఖాజాబీ దుప్పటిలో దూరింది. పైకి వెళ్లి చూస్తే ఒక కోతి బేసిన్ నెత్తిన బోర్లించుకుని కూర్చుంది. ఇంకొకటి దూది పీకి సిద్దిరాములు ఇంటి మీదికి ఎగరేస్తోంది. కింది నుంచి ఆయన భార్య చంద్రవ్వ కేకేసింది. "మక్సూదక్కా! మీ దూది మా బట్టల మీద పడుతున్నది! ఏంది, కోతులకు గూడ పరుపులు కుడుతున్నవా?"

స్లాబు కూడా అయిపోయింది.

నవ్వులు ఆగాక మక్సూదా దుకాణంలోకి వెళ్లి పాడయిన పరుపు విప్పింది. వాసన పట్టిన దూదిని దోసిళ్లతో తీసి సంచిలో కట్టింది. చాప మీద కొత్త దూది పరిచింది. అప్పుడే ఏకిన దూది. తెల్లగా, పొంగుగా, వెచ్చగా ఉంది. ఖాజాబీ దుప్పటిలో నుంచి బయటపడ్డ రూయీ మెల్లగా వచ్చి దాని అంచున నిలబడింది. ముందుకాళ్లతో దూదిని రెండుసార్లు వెనక్కి గీరింది. గుండ్రంగా తిరిగింది. తోక ఎత్తింది.

మక్సూదా ఒక్క దూకులో దాన్ని మెడ దగ్గర పట్టి ఎత్తింది. పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయింది. ఆ గీరడం, ఆ తిరగడం ఆమె ఇంతకుముందు చూసింది. బేసిన్‌లో రూయీ సరిగ్గా అలాగే చేసేది.

"అజీ! జల్ది రాండ్రి! దొరికింది!" అని కేకేసింది. నజీరుద్దీన్ సబ్బు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు.

"మళ్ల చేసిందా?"

"చెయ్యలే. గానీ మనమే నేర్పినం. బేసిన్ల దూది ఎవలు పోసిండ్రు?"

"నేనే. అయితే?"

"అయితే ఏందంటరా? దూది కనిపిస్తే చాలు, అది తన జాగనే అనుకున్నది. ఇల్లంత దూదే ఉండె. దాని తప్పేమున్నది?"

నజీరుద్దీన్ తల పట్టుకోబోయి చేతులెత్తాడు. చేతి సబ్బు మోచేతి దాకా జారింది. "నా దూదితోని నా పరుపే..." అన్నాడు.

ఊళ్లో ఏ ఇంట్లో అయినా పాత కాగితాలో, బూడిదో, పొట్టో పోసేవారు. దూది పోయాలన్న ఆలోచన దూదేకేవాడికి తప్ప ఇంకెవరికి వస్తుంది? మక్సూదాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. విప్పాల్సిన కుట్టు కనిపించింది. గోడ మీద నుంచి చంద్రవ్వను పిలిచింది.

"చంద్రవ్వా, ఇల్లు కట్టంగ మిగిలిన ఇసుక ఉన్నదా?"

"ఒక సంచి ఉన్నది. బాత్రూం పగుళ్లకని ఉంచిన. ఏం గట్టుతున్నవ్?"

"పిల్లికి సండాసు."

"అయ్యో, మా ఇసుకకే అలవాటు పడ్డదా! తీసుకపో తల్లీ. దానిదే ఆ ఇసుక. సగం అది కప్పిందే ఉంటది."

బేసిన్ కడిగి, ఎండబెట్టి, అందులో ఇసుక పోసి మెట్ల కింద పెట్టారు. చీకటిగా, మరుగ్గా ఉంటుందని నజీరుద్దీన్ ఎంచుకున్న జాగ. రూయీ వచ్చింది. వాసన చూసింది. కాలు పెట్టింది. ఒకటి, రెండు గీతలు గీసింది. నలుగురూ గోడకు అతుక్కుని ఊపిరి బిగబట్టారు. ఖాజాబీ కూడా మంచం దిగి కర్ర లేకుండా వచ్చి నిలబడింది.

అంతలో నల్లా నీళ్లు వచ్చాయి. అలవాటుగా ఎవరో స్విచ్చి వేశారు. మెట్ల కిందే ఉన్న మోటరు గుర్రుమని లేచింది. ఇసుక చిమ్ముకుంటూ రూయీ మాయమైంది.

"ఎవలేసిండ్రు స్విచ్చి?" అని నజీరుద్దీన్ గర్జించాడు.

"నీళ్లు పోతయి గదారా! నేనేసిన," అంది తల్లి.

ఇసుక నచ్చిందని తేలింది. జాగే కుదరలేదు. తిరిగి బాత్రూం పక్కన పెట్టి చూశారు. ఐదు పూటలా నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునే ఇల్లది. ఆ బండ ఎప్పుడూ ఆరదు. రూయీ ఒక్క అడుగు వేసి, తడిసిన కాలు విదిలించి, వెనక్కి తిరిగింది. దుకాణం తలుపు మూసేశారు గనుక పరుపులకు భయం లేదు. కానీ తలుపు మూసుకుని పరుపుల పని ఎన్నాళ్లు జరుగుతుంది? మూటలు లోపలికి రావాలి, కుట్టినవి బయటికి పోవాలి. శనివారం పొద్దున ముజాహిద్ ఫోను చేసి, బుట్టకు గొళ్లెం కూడా పెట్టించానని చెప్పాడు.

"వానికేం తొందరో," అంది మక్సూదా.

ఆ రోజు ఆమె ఎవరినీ సలహా అడగలేదు. వసారాలో తన కుట్టుమిషన్ ముందు కూర్చుని పరుపు గుడ్డలు కుడుతూ పిల్లినే చూస్తూ ఉంది. రూయీకి ఇబ్బందిగానే ఉంది. మెట్ల కిందికి పోయి, చెవులు నిక్కబొడుచుకుని మోటరు వైపు చూసి, తిరిగి వచ్చింది. బాత్రూం దాకా పోయి తడి చూసి ఆగింది. దుకాణం తలుపు దగ్గర రెండుసార్లు అరిచింది. ఆఖరుకు వసారాలోకి వచ్చింది. మక్సూదా కాళ్ల పక్కన, మిషన్ వెనక మూలలో, ఉత్త గచ్చు మీద గీరింది. మళ్లీ ఇల్లంతా తిరిగొచ్చి అదే మూలలో గీరింది.

మక్సూదా తొక్కడం ఆపింది. కిందికి వంగి, పిల్లి ఎత్తున తల పెట్టి చూసింది. అక్కడి నుంచి వంటింటి తలుపు కనబడుతుంది. పెరటి తలుపూ కనబడుతుంది. ఎవరు ఎటు నుంచి వచ్చినా ఇంకో వైపు పారిపోవచ్చు. పొడిగా ఉంది. చప్పుడు లేదు. తన మిషన్ చప్పుడు ఉన్నా, అది రూయీకి జోలపాట లాంటిది. దాని తిండి గిన్నె కూడా దూరంగా, వంటింట్లో ఆ చివర ఉంది.

ఇన్ని రోజులూ మనకు పనికిరాని జాగలన్నీ ఏరి పిల్లికి ఇచ్చాం. తడి జాగ, చప్పుడు జాగ, కోతుల జాగ. మనకు వద్దన్నవి దానికీ వద్దు. దానికి కావాల్సింది ఇంట్లో అన్నిటికన్నా మంచి జాగ, అనుకుంది.

ఆ మూల మక్సూదాది. కాపురానికి వచ్చి పని నేర్చుకున్న రోజుల నుంచీ ఆమె అక్కడే కూర్చుంటుంది. తూర్పు కిటికీ వెలుతురు ఎడమ భుజం మీదుగా వచ్చి సరిగ్గా సూది మొన మీద పడుతుంది. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టినా కంటికి శ్రమ లేదు. ఆ కిటికీ కోసం ఒకసారి అత్తతో పోట్లాడింది కూడా.

కాసేపు సూది వైపు, కాసేపు పిల్లి వైపు చూసింది. దారం తెంచింది.

"నూరీన్! ఇటు రా. మిషన్‌కు ఒక దిక్కు పట్టు."

"ఎక్కడికి అమ్మీ?"

"నడిమి అర్రలకు."

మిషన్ కాళ్లు గచ్చు మీద కీచుమనేసరికి నజీరుద్దీన్ దుకాణంలో నుంచి వచ్చాడు. "ఏం జేస్తున్నవ్? గాడ వెలుతురు లేదు గదా! పిల్లి కోసం నీ జాగ ఇడుస్తవా?"

"ట్యూబులైటు ఉన్నది గదా."

"పిస లేసిందా నీకు? రేపు దాన్ని తీసుకనే పోతడు. ఒక్క దినం కోసం ఇంత బరువు జరుపుతవా?"

"రేపు పోతదో ఉంటదో రేపు చూద్దాం. మీరు జర ఈ కాలు పట్టుండ్రి. బొటనవేలు పైలం."

ఆయన గొణుగుతూనే పట్టాడు. మూల ఖాళీ అయింది. మక్సూదా అక్కడ పేరుకున్న దారం ముక్కలు ఊడ్చి, బేసిన్ పెట్టి, ఇసుక చేత్తో సదిరింది. ఖాజాబీ దిక్కులు చూసింది. "తూర్పు మూల. గిది నడుస్తది. ఇగ మూతి ఎటు పెడతదో దాని ఇష్టం, అల్లా చూసుకుంటడు."

రూయీ వచ్చింది. ఖాళీ అయిన మూలను చూసి అనుమానపడింది. బేసిన్ చుట్టూ తిరిగింది. పక్కనే పడుకుంది. చీకటి పడింది. ఏమీ చేయలేదు.

ఆదివారం తెల్లారింది. ఇసుక సదిరింది సదిరినట్టే ఉంది. ఇంట్లో ఎవరికీ నాస్తా రుచించలేదు. నూరీన్ ప్రతి రొట్టెముక్కకూ ఒకసారి లేచి వెళ్లి చూసి వస్తోంది. "గిట్ల నిమిషానికోసారి తొంగిచూస్తే నాకైతే రాదు," అని ఖాజాబీ కసిరింది. నజీరుద్దీన్ పెదవి విరుస్తూనే, కూతురి కన్నా ఎక్కువసార్లు వసారా గుమ్మం దాకా పోయి వచ్చాడు.

ముజాహిద్ ఫోను. "సుల్తానాబాద్ దాటిన దుల్హాభాయ్!"

"మెల్లగ రా. రోడ్డు మంచిగ లేదు," అన్నాడు నజీరుద్దీన్.

"రోడ్డుకేమైంది? మంచిగున్నది!"

"నేను జెప్తున్న గదా, మెల్లగ రా!"

మక్సూదా పొయ్యి మీద పాలు పెట్టి, తిరిగి చూసి, అలాగే ఆగిపోయింది. రూయీ లేచి ఒళ్లు విరుచుకుంది. వంటింటి తలుపు వైపు చూసింది. పెరటి తలుపు వైపు చూసింది. బేసిన్‌లోకి దిగింది. మక్సూదా వేలు పెదవుల మీద పెట్టుకుంది. నూరీన్ తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఖాజాబీ తస్బీ పూసలు తిప్పడం ఆపేసింది.

వీధిలో బండి ఆగిన చప్పుడు. నజీరుద్దీన్ కాలివేళ్ల మీద దుకాణం దాటి బయటికి పరుగెత్తాడు. ముజాహిద్ బుట్ట చంకన పెట్టుకుని గడప దగ్గర ఉన్నాడు. "సలాం అలేకుం దుల్హా..."

నజీరుద్దీన్ అతని నోరు మూశాడు. "ఆగు! లోపటికి రాకు."

"ఏమైంది? ఎవలికన్న పానం బాలేదా?"

"అందరు మంచిగనే ఉన్నరు. ఎండల నిలబడు జర సేపు."

"పిల్లి ఏది?"

"పనిల ఉన్నది. గట్టిగ మాట్లాడకు."

లోపల ఇసుక గీరుతున్న చప్పుడు. కాసేపు ఆగింది. తర్వాత మళ్లీ గీరడం. ఈసారి కప్పుతోంది. ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరిగి, వాసన చూసి, ఇంకో పిడికెడు ఇసుక లాగి కప్పి, రూయీ బేసిన్ దిగి ఒక్కో కాలు విదిలించుకుంది.

"చేసింది అబ్బా! చేసింది!" అని నూరీన్ ఎగిరింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. గోడ అవతల నుంచి చంద్రవ్వ, "అయ్యిందా అక్కా?" అని అడిగింది. వీధి చివర చాయ్ హోటలు దాకా వినబడేలా నజీరుద్దీన్ "అయ్యింది!" అన్నాడు.

ముజాహిద్ బుట్టను ఇటూ అటూ మార్చుకున్నాడు. "అయితే ఇగ తీసుకపోవచ్చా?"

"ఎక్కడికి?"

"మిల్లుకు! మీరే గదా రమ్మన్నరు!"

"మిల్లుల ఇసుక బేసిన్ ఎక్కడ పెడతవో జాగ చూసినవా?" నజీరుద్దీన్ అతని భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించాడు. "చూడలే గదా. అది గంత అల్కగ కాదు తమ్మీ. దా, బిర్యానీ తిని పో."

తమ్ముడి ముఖం చూసి మక్సూదా నవ్వు ఆపుకుంటూ, మిగిలిన పాలతో చాయ్ పెట్టింది. గ్లాసు ఇచ్చి నడిమి గదిలోకి వెళ్లి ట్యూబులైటు వేసింది. ఫంక్షన్ హాలు పరుపులు ఇంకా కుట్టాల్సినవి ఉన్నాయి. సూదిలోకి దారం మొదటిసారి ఎక్కలేదు. మిషన్‌ను దీపం వైపు జానెడు జరిపి, కొస తడిచేసి, మళ్లీ పట్టింది. ఎక్కింది. తొక్కడం మొదలుపెట్టింది.